కొత్త ఖాతాలో షట్‌డౌన్, రీస్టార్ట్ బటన్లు మసకగా ఉన్నాయి: డెబియన్ 12, ఎక్స్‌ఎఫ్‌సీఈ

ఏడురోడ్ల_డీటీపీ (కడప)

అందరికీ నమస్తే. షాపులో డీటీపీ మిషన్‌కి డెబియన్ 12 లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, లైట్‌డీఎం లాగిన్ తెర. నా ఖాతా మొదటి నుంచీ ఉంది. పనికొచ్చే పిల్లోని కోసం ఇప్పుడు 'సహాయ' అని ఇంకొకటి యాడ్‌యూజర్‌తో చేసినా. లాగిన్ అవుతాంది, ప్రింటర్ పోతాంది, తెలుగు ఫాంట్లన్నీ కనపడతాండాయి. లాగౌట్ డబ్బా తెరిస్తే మాత్రం లాగౌట్ ఒక్కటే నొక్కడానికి వస్తాంది. షట్‌డౌన్, రీస్టార్ట్ రెండూ మసకగా ఉండాయి. అదే మిషన్‌లో నా ఖాతాలో రెండూ బాగా పనిచేస్తాయి.

బటన్ లేదని వాడు సాయంత్రం షాపు మూసేటప్పుడు గోడ స్విచ్ ఆపేస్తాండాడు. యూపీఎస్ కీచుమంటే దాని బటన్ కూడా నొక్కేస్తాండాడు. డిస్క్ పోకముందే దీనికి దారి కావాల.

---

బుగ్గవంక (వేదిక నిర్వాహకుడు)

జవాబులిచ్చేవాళ్ళు గమనించండి: ఇక్కడ ఆదేశాలు కూడా తెలుగు లిపిలోనే, పలికే తీరులో రాస్తాం. చదివేవాళ్ళు టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోవాలి. పెద్దక్షరమని వేరే చెప్పనంతవరకు అన్నీ చిన్నక్షరాలే.

---

గుత్తికోట (అనంతపురం)

దీనికింత ఆలోచన ఎందుకప్పా. సుడో గుంపులో (అడ్మిన్ హక్కులుండే గుంపు) చేర్చెయ్, అయిపాయె.

సుడో యూజర్‌మాడ్ -ఏజీ సుడో సహాయ

(ఏ చిన్నది, జీ పెద్దది.) లాగౌట్ అయ్యి మళ్ళీ లాగిన్ అయితే బటన్ వెలుగుతాది.

---

హంద్రీ (కర్నూలు)

ఆగండన్నా, అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. మిషన్ ఆపడానికి సుడో ఇస్తే ప్యాకేజీలు తీసెయ్యడం, మీ హోమ్ ఫోల్డర్ తెరిచి చూడడం, మీ పాస్‌వర్డే మార్చెయ్యడం అన్నీ ఆ ఖాతాకు వచ్చేస్తాయి. పైగా ఆ ఆదేశంలో ఆ చిన్న ఏ మర్చిపోయి ఉత్త జీ కొడితే, యూజర్ అంతకుముందున్న అదనపు గుంపులన్నీ పోయి సుడో ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఇంకో థ్రెడ్ పెట్టాల్సి వస్తుంది.

ఇప్పటి లినక్స్‌లో డెస్క్‌టాప్ మీద కూర్చున్న మామూలు యూజర్‌కు షట్‌డౌన్ హక్కు ఏ గుంపులోనూ చేర్చకుండానే వస్తుంది. దారి ఇట్లా ఉంటుంది: బటన్ నొక్కితే డెస్క్‌టాప్ పోయి సిస్టమ్‌డీ-లాగిన్‌డీని (ఎవరు లాగిన్ అయి ఉన్నారో లెక్క చూసుకునే సర్వీస్) అడుగుతుంది. లాగిన్‌డీ పోల్‌కిట్‌ను (ఏ పనికి ఎవరికి అనుమతో తేల్చే సర్వీస్) అడుగుతుంది. పోల్‌కిట్ చూసేవి రెండే: ఈ సెషన్ ఈ మిషన్ సీటు (తెర, కీబోర్డు) మీద ఉందా, ఇప్పుడు తెర మీద ముందున్నది ఇదేనా. రెండూ అవునైతే పాస్‌వర్డ్ లేకుండా ఒప్పుకుంటుంది. 'పవర్' గుంపు, 'పవర్‌డెవ్' గుంపు అని నెట్‌లో కనిపించే సలహాలు పాత కాలానివి, వాటితో ఇప్పుడు ఒరిగేదేం లేదు.

కాబట్టి మొదట లాగిన్‌డీ ఏమంటోందో వినాలి, ఆ తర్వాతే బటన్ సంగతి. 'సహాయ' ఖాతాతో తెర మీదనే లాగిన్ అయ్యి అక్కడి టెర్మినల్‌లో ఇది కొట్టండి:

బస్‌సీటీఎల్ కాల్ ఓఆర్‌జీ.ఫ్రీడెస్క్‌టాప్.లాగిన్1 /ఓఆర్‌జీ/ఫ్రీడెస్క్‌టాప్/లాగిన్1 ఓఆర్‌జీ.ఫ్రీడెస్క్‌టాప్.లాగిన్1.మేనేజర్ క్యాన్‌పవర్‌ఆఫ్

ఇది ఒకే వరుస. మేనేజర్‌లో ఎం పెద్దది. చివరి మాటలో సీ, పీ, ఓ పెద్దవి, మధ్యలో ఖాళీ ఉండదు. మీ ఖాతాలో నుంచి 'ఎస్‌యూ' కొట్టి సహాయగా మారి అడగొద్దు. అప్పుడు సెషన్ మీదే అవుతుంది, జవాబు కూడా మీకొచ్చేదే వస్తుంది.

జవాబు నాలుగు రకాలు:

యస్: ఆపొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఇది వచ్చాక కూడా బటన్ మసకగా ఉంటే తప్పు డెస్క్‌టాప్ సెట్టింగ్‌ది.

ఛాలెంజ్: ఆపొచ్చు గానీ అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. సెషన్‌ను లాగిన్‌డీ సరిగా గుర్తించలేదన్న అనుమానం ముందు రావాలి.

నో: పోల్‌కిట్ రూల్ ఏదో కావాలనే ఆపుతోంది.

ఎన్‌ఏ: ఈ మిషన్‌లో ఆ పనే కుదరదు. షట్‌డౌన్‌కు ఇది దాదాపు రాదు. హైబర్నేట్‌ను అడిగితే, స్వాప్ చాలనప్పుడు వస్తుంది.

తర్వాత ఉత్తగా 'లాగిన్‌సీటీఎల్' అని కొట్టండి. సెషన్ల పట్టిక వస్తుంది. సహాయ పేరున్న వరుసలోని నంబర్ తీసుకొని, అది 4 అనుకుంటే:

లాగిన్‌సీటీఎల్ షో-సెషన్ 4 -పీ యాక్టివ్ -పీ సీట్ -పీ రిమోట్ -పీ టైప్

యాక్టివ్, సీట్, రిమోట్, టైప్ నాలుగింటికీ మొదటి అక్షరం పెద్దది. ఏమొచ్చిందో పెట్టండి.

---

ఏడురోడ్ల_డీటీపీ

థాంక్స్ హంద్రీ అన్నా. సహాయలో కొట్టినా. మొదటిదానికి: ఎస్ "యస్". రెండోదానికి: యాక్టివ్=యస్, సీట్=సీట్0, రిమోట్=నో, టైప్=ఎక్స్11.

ఇంకో మాట. గుత్తికోట అన్న చెప్పిందీ పరీక్షించినా, సహాయ మీద కాదు, 'పరీక్ష' అని ఉత్త ఖాతా ఒకటి చేసి. సుడోలో చేర్చకముందు బటన్ మసక. చేర్చి మళ్ళీ లాగిన్ అయితే వెలిగింది.

---

గుత్తికోట

చెప్పినా కదా!

---

హంద్రీ

వెలిగింది సరే, ఎందుకు వెలిగిందో చూడండి. సుడో లేకుండానే లాగిన్‌డీ 'యస్' అంటోంది. అంటే హక్కు ముందే ఉంది, సుడోతో కొత్తగా వచ్చిందేమీ లేదు. అయినా సుడోలో చేరితేనే బటన్ వెలుగుతోందంటే, ఈ మిషన్‌లో ఎక్కడో ఒక ఫైల్‌లో 'షట్‌డౌన్ సుడో గుంపుకు మాత్రమే' అని రాసి పెట్టినారు. డెబియన్ తనంతట తాను అట్లా రాయదు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో దానికొక చోటుంది:

/ఈటీసీ/ఎక్స్‌డీజీ/ఎక్స్‌ఎఫ్‌సీఈ4/కియోస్క్/కియోస్క్‌ఆర్‌సీ

మామూలుగా ఈ ఫైలే ఉండదు. ఉంటే 'క్యాట్' కొట్టి లోపలున్నది పెట్టండి. 

---

పెన్నఅక్క (అనంతపురం)

మధ్యలో వస్తున్నా, క్షమించండి. మా కాలేజీ ల్యాబ్‌లో ఇలాంటిదే. ఉబుంటు 22.04 మిషన్ ఒకటే పెద్దది. పిల్లలు పాత పీసీల నుంచి ఎక్స్‌ఆర్‌డీపీ (దూరం నుంచి డెస్క్‌టాప్ వాడే ప్రోగ్రామ్) ద్వారా దానిలోకి వస్తారు. వాళ్ళకు షట్‌డౌన్ నొక్కితే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది. హంద్రీ గారి ఆదేశం కొడితే 'ఛాలెంజ్' అని, సీట్ దగ్గర ఖాళీగా వచ్చింది. ఇన్‌ఛార్జి ఖాతాకైనా పాస్‌వర్డ్ లేకుండా ఆపే వీలుండాలి. ఆ ఖాతా కూడా దూరం నుంచే వస్తుంది.

---

హంద్రీ

అక్కా, మీది జబ్బు కాదు, అట్లా ఉండడమే ఆరోగ్యం. సీట్ ఖాళీ అంటే ఆ సెషన్‌కు ఈ మిషన్ తెర, కీబోర్డుతో సంబంధం లేదని అర్థం. సీటు లేని సెషన్‌ను పోల్‌కిట్ స్థానికంగా లెక్కపెట్టదు. ఒక పిల్లవాడు షట్‌డౌన్ నొక్కితే ల్యాబ్ మొత్తం ఒకేసారి ఆరిపోతుంది కదా, అందుకే ఆ అడ్డు. పిల్లలకు లాగౌట్ చాలు.

ఇన్‌ఛార్జి ఖాతాకు మాత్రం ఇవ్వొచ్చు. ఉబుంటు 22.04లో పోల్‌కిట్ పాత వెర్షన్, 0.105. దానికి పీకేఎల్‌ఏ ఫైల్ (పోల్‌కిట్ అనుమతుల ఫైల్) రాయాలి. చోటు:

/ఈటీసీ/పోల్‌కిట్-1/లోకల్‌అథారిటీ/50-లోకల్.డీ/

అందులో చివర '.పీకేఎల్‌ఏ' ఉండేలా ఏదైనా పేరుతో ఫైల్. లోపల:

[ల్యాబ్ ఆపడం]
ఐడెంటిటీ=యూనిక్స్-యూజర్:ఇన్‌ఛార్జి
యాక్షన్=ఓఆర్‌జీ.ఫ్రీడెస్క్‌టాప్.లాగిన్1.పవర్-ఆఫ్;ఓఆర్‌జీ.ఫ్రీడెస్క్‌టాప్.లాగిన్1.పవర్-ఆఫ్-మల్టిపుల్-సెషన్స్
రిజల్ట్‌ఎనీ=యస్
రిజల్ట్‌ఇనాక్టివ్=యస్
రిజల్ట్‌యాక్టివ్=యస్

సమాన గుర్తుకు ఎడమనున్న మాటల మొదటి అక్షరం పెద్దది. రిజల్ట్‌తో మొదలయ్యే మూడింటిలో రెండో మాట మొదటి అక్షరం కూడా పెద్దదే. రెండు యాక్షన్ల మధ్య సెమికోలన్. ఆ రెండోది వదిలేయొద్దు: వేరే యూజర్లు లాగిన్ అయి ఉన్నప్పుడు లాగిన్‌డీ అడిగే అనుమతి అదే, మొదటిది కాదు. ల్యాబ్‌లో ఎవరో ఒకరు లాగిన్‌లో ఉంటారు. ఇక్కడ పని చేసేది 'రిజల్ట్‌ఎనీ' వరుసే, సీటు లేని సెషన్లన్నీ దాని కిందికే వస్తాయి. అంటే ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి టెర్మినల్‌తో) వచ్చినా ఆ ఖాతా మిషన్ ఆపగలదు. అందుకే గుంపుకు ఇవ్వకుండా ఒక్క పేరుకే ఇవ్వమంటున్నా.

---

బుగ్గవంక

దీనికి తోడు ఒకటి. డెబియన్ 12 నుంచి, ఉబుంటు 24.04లో కూడా, పోల్‌కిట్ కొత్త వెర్షన్లు. వాటికి ఈ పీకేఎల్‌ఏ ఫైళ్ళు చదవడం రాదు, చూసీ చూడనట్టు పోతాయి. ఎర్రర్ కూడా రాదు. డెబియన్‌లో 'పోల్‌కిట్‌డీ-పీకేఎల్‌ఏ' అనే ప్యాకేజీ వేస్తే చదువుతుంది గానీ, కొత్త పద్ధతిలోనే రాసుకోవడం మేలు. కొత్త పద్ధతిలో /ఈటీసీ/పోల్‌కిట్-1/రూల్స్.డీ/ లో '.రూల్స్' చివర ఉండే జావాస్క్రిప్ట్ ఫైల్ రాయాలి. యాక్షన్ ఐడీ ఇదా, యూజర్ పేరు ఇదా అని రెండు షరతులు పెట్టి, రెండూ నిజమైతే పోల్‌కిట్.రిజల్ట్.యస్ (రిజల్ట్‌లో ఆర్, యస్‌లో మూడక్షరాలూ పెద్దవి) తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ అది. షరతు తప్పితే ఏమీ తిరిగివ్వకూడదు. చివర ఎల్స్ పెట్టి 'నో' అని రాస్తే ప్రింటర్ దగ్గర్నుంచి వైఫై దాకా అన్నీ నో అయిపోతాయి.

ఇందులో ఎక్కువమంది పడే గుంట అనుమతులు. ఫైల్‌ను పోల్‌కిట్‌డీ అనే యూజర్ చదవగలగాలి, 644 ఉంటే చాలు. రూట్‌గా 600తో దాచి పెడితే రూల్ లేనట్టే లెక్క. సర్వీస్‌ను మళ్ళీ మొదలుపెట్టాల్సిన పని లేదు, ఫోల్డర్ మారితే అదే గమనించుకుంటుంది. బ్రాకెట్ ఒకటి తప్పినా 'జర్నల్‌సీటీఎల్ -యూ పోల్‌కిట్'లో వరుస నంబర్‌తో సహా చెప్తుంది.

---

ఏడురోడ్ల_డీటీపీ

హంద్రీ అన్నా, ఫైల్ ఉంది!



[ఎక్స్‌ఎఫ్‌సీఈ4-సెషన్]
షట్‌డౌన్=%సుడో

 మిషన్ అమ్మినప్పుడు లినక్స్ ఎక్కించిచ్చినాయన రాసి పెట్టినట్టుంది. నాకు చెప్పలేదు.

---

హంద్రీ

అదే. శాతం గుర్తు తర్వాత ఉన్నది గుంపు పేరు. లాగిన్‌డీ ఏమన్నా సరే, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఈ ఫైల్ చూసి ముందే బటన్ మసకబరుస్తుంది. తెర వెనక హక్కు ఉండనే ఉంది. సహాయ టెర్మినల్‌లో 'సిస్టమ్‌సీటీఎల్ పవర్‌ఆఫ్' కొట్టి చూడండి, మిషన్ నోరెత్తకుండా ఆగిపోతుంది. అంటే ఈ కియోస్క్ ఫైల్ తాళం కాదు, ఉత్త తెర.

ఎట్లా మార్చాలి? మీ షాపుకు సులభమైనది షట్‌డౌన్=ఏఎల్ఎల్ (షట్‌డౌన్‌లో మొదటి ఎస్, ఏఎల్ఎల్‌లో మూడూ పెద్దక్షరాలు), లేదా ఆ వరుసే తీసెయ్యడం. వరుస లేకపోతే అందరికీ ఇచ్చినట్టే.  

రూట్‌గా మార్చండి:

సుడో నానో /ఈటీసీ/ఎక్స్‌డీజీ/ఎక్స్‌ఎఫ్‌సీఈ4/కియోస్క్/కియోస్క్‌ఆర్‌సీ

తర్వాత సహాయ లాగౌట్ అయ్యి మళ్ళీ లాగిన్ కావాలి. నడుస్తున్న సెషన్‌లో మారదు.

---

గుత్తికోట

ఒప్పుకుంటానప్పా, మీ మిషన్‌లో కారణం వేరే. అయినా ఒక మాట. ఎక్స్‌ఎఫ్‌సీఈ కాకుండా ఓపెన్‌బాక్స్ (ఉత్త విండో మేనేజర్) వేసుకున్నోళ్ళకు ఈ కియోస్క్ ఫైలే ఉండదు కదా. వాళ్ళు 'చ్‌మాడ్ యూ+ఎస్' కొట్టి షట్‌డౌన్ ఫైల్‌కు సెట్‌యూఐడీ (ఎవరు నడిపినా ఫైల్ యజమాని హక్కుతో నడిచే గుర్తు) పెట్టుకుంటే పోలా? పాత పుస్తకాల్లో అట్లే ఉంటాది.

---

బుగ్గవంక

వద్దే వద్దు. సిస్టమ్‌డీ ఉన్న మిషన్లలో షట్‌డౌన్ అన్నది వేరే ప్రోగ్రామ్ కాదు, సిస్టమ్‌సీటీఎల్‌కు సింబాలిక్ లింకు. చ్‌మాడ్ లింకు వెంట పోయి అసలు ఫైల్‌ను మారుస్తుంది. అంటే సర్వీసులన్నీ ఆపి నడిపే సిస్టమ్‌సీటీఎల్‌నే ప్రతి యూజర్‌కూ రూట్‌గా ఇచ్చినట్టవుతుంది. అట్లా పెట్టినవాళ్ళుంటే 'చ్‌మాడ్ యూ-ఎస్' కొట్టి వెనక్కి తీసుకోండి.

పోల్‌కిట్ దారి కుదరని చోట సుడోయర్స్‌లో (సుడో అనుమతుల ఫైళ్ళు) ఒక్క ఆదేశానికి మాత్రం పాస్‌వర్డ్ లేకుండా ఇవ్వొచ్చు. 'విసుడో -ఎఫ్ /ఈటీసీ/సుడోయర్స్.డీ/ఆపు' అని తెరిచి, ఆ యూజర్ పేరు, తర్వాత పెద్దక్షరాల్లో ఏఎల్ఎల్, ఆ వెంట =(రూట్), నోపాస్‌వర్డ్ షరతు, ఆ పక్కన సిస్టమ్‌సీటీఎల్ పూర్తి దారితో పాటు 'పవర్‌ఆఫ్' అనే మాట కూడా రాయాలి. ఆ షరతును ఇంగ్లీషులో ఎన్‌ఓపీఏఎస్ఎస్‌డబ్ల్యూడీ అని పెద్దక్షరాల్లో, వెంట కోలన్‌తో రాస్తారు. ఉత్త సిస్టమ్‌సీటీఎల్ అని వదిలితే మళ్ళీ మొదటికే వస్తాం. ఫైల్ పేరులో చుక్క ఉండకూడదు, ఉంటే సుడో దాన్ని చదవకుండా దాటేస్తుంది.

---

బురుజు_కింద (కర్నూలు)

ఓపెన్‌బాక్స్ మాట వచ్చింది కాబట్టి. డెబియన్ కనీస ఇన్‌స్టాల్, లాగిన్ తెర లేదు, కన్సోల్‌లో లాగిన్ అయ్యి స్టార్ట్‌ఎక్స్ (బొమ్మల తెర 'ఎక్స్'ను మొదలుపెట్టే ఆదేశం). కొత్త యూజర్‌కు యాక్టివ్=నో వస్తోంది. రూట్‌కు సమస్య లేదు. బ్యాష్_ప్రొఫైల్‌లో ఇట్లా ఉంది:

స్టార్ట్‌ఎక్స్ -- :0 వీటీ7

---

హంద్రీ

ఆ వీటీ7ను (ఏడో వర్చువల్ టెర్మినల్) తీసెయ్యండి. మీరు లాగిన్ అయింది టీటీవై1లో (మొదటి వర్చువల్ టెర్మినల్), లాగిన్‌డీ దగ్గర మీ సెషన్ టీటీవై1కి నమోదై ఉంది. ఎక్స్ పోయి 7లో తెరుచుకుంటే తెర మీద ముందున్నది 7, మీ సెషన్ వెనక పడుతుంది. అందుకే యాక్టివ్=నో, అందుకే ఛాలెంజ్. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్1 నొక్కి టీటీవై1కి పోయి చూస్తే అక్కడ యాక్టివ్=యస్ అయి కూర్చుంటుంది. ఇప్పటి స్టార్ట్‌ఎక్స్‌ను వేరే ఏమీ చెప్పకుండా వదిలితే, మీరున్న వీటీలోనే ఎక్స్ తెరుస్తుంది. ఉత్త 'స్టార్ట్‌ఎక్స్' చాలు. రూట్‌కు సమస్య లేకపోవడంలో వింత లేదు, రూట్‌ను పోల్‌కిట్ ఆపదు.

ఓపెన్‌బాక్స్, ఐ3 లాంటి వాటిలో రెండో లోటు పోల్‌కిట్ ఏజెంట్. 'ఛాలెంజ్' వచ్చినప్పుడు పాస్‌వర్డ్ అడిగే కిటికీ తెరిచేది అదే. అది నడవకపోతే బటన్ నొక్కినా ఏమీ జరిగినట్టు కనపడదు, టెర్మినల్‌లో అయితే 'ఇంటరాక్టివ్ ఆథెంటికేషన్ రిక్వయర్డ్' అని రావచ్చు. ఎల్‌ఎక్స్‌పోల్‌కిట్ వేసి ఓపెన్‌బాక్స్ ఆటోస్టార్ట్ ఫైల్‌లో 'ఎల్‌ఎక్స్‌పోల్‌కిట్ &' అని ఒక వరుస చేర్చండి. పాత యూజర్ ఆటోస్టార్ట్‌లో అది ఉండి కొత్త యూజర్‌కు రాకపోవడం మామూలే, ఆ ఫైల్ హోమ్ ఫోల్డర్‌లోది కదా.

---

పెన్నఅక్క

పీకేఎల్‌ఏ పని చేసింది. ఇన్‌ఛార్జికి 'యస్' వస్తోంది, పిల్లలకు ఛాలెంజ్ అట్లాగే ఉంది. ధన్యవాదాలు.

ఒక చిన్న అనుమానం. పాత ఖాతా హోమ్ ఫోల్డర్‌ను అట్లాగే కాపీ చేసి కొత్త ఖాతాలు చేసే అలవాటు మా దగ్గర ఉంది. దానివల్ల ఏమైనా?

---

బుగ్గవంక

ఉంటుందక్కా, చాలా ఉంటుంది. సుడోతో కాపీ చేస్తే ఫైళ్ళన్నీ రూట్ పేరున పడతాయి. యూజర్ సెట్టింగ్ మార్చినా సేవ్ కాదు. ఎక్స్‌అథారిటీ ఫైల్ రూట్‌దైతే పాస్‌వర్డ్ సరిగా కొట్టినా తెర ఒకసారి మెరిసి మళ్ళీ లాగిన్‌కే వస్తుంది. ముందు ఆ యూజర్‌వి కానివి ఎన్నున్నాయో చూడండి:

ఫైండ్ /హోమ్/కొత్తపేరు ! -యూజర్ కొత్తపేరు

ఏమైనా వస్తే:

సుడో చ్‌ఓన్ -ఆర్ కొత్తపేరు:కొత్తపేరు /హోమ్/కొత్తపేరు

ఆర్ పెద్దది. కాపీ చేసేదానికన్నా, అందరికీ కావాల్సిన సెట్టింగులను /ఈటీసీ/స్కెల్‌లో పెడితే యాడ్‌యూజర్ తానే కొత్త హోమ్‌లోకి సరైన పేరుతో వేస్తుంది. ఈ అడుగులో 'యూజర్‌యాడ్' వేరు, 'యాడ్‌యూజర్' వేరు: డెబియన్‌లో మొదటిది -ఎం ఇవ్వకపోతే హోమ్ ఫోల్డరే చేయదు.

కాపీతో ఇంకో తిప్పలు: దాచిన మెనూలు కూడా కాపీ అవుతాయి. డెస్క్‌టాప్‌ను బట్టి చూడాల్సిన చోట్లు ఇవి. విస్కర్ మెనూలో ప్రాపర్టీస్, కమాండ్స్ ట్యాబ్: షట్‌డౌన్ వరుస మొదట టిక్కు లేకుండానే ఉంటుంది. ప్యానెల్‌లోని యాక్షన్ బటన్స్‌కూ తన టిక్కుల పట్టిక తనదే. ప్లాస్మా 5లో సిస్టమ్ సెట్టింగ్స్, స్టార్టప్ అండ్ షట్‌డౌన్, డెస్క్‌టాప్ సెషన్‌లో 'ఆఫర్ షట్‌డౌన్ ఆప్షన్స్' టిక్కు తీసేసి ఉంటే లాగౌట్ ఒక్కటే కనిపిస్తుంది. ఉబుంటు మాటేలో పైమూల మెనూ నుంచి షట్‌డౌన్ మాయమైతే డీకాన్ఫ్ ఎడిటర్‌లో కామ్, కెనానికల్, ఇండికేటర్, సెషన్ దాకా పోయి 'సప్రెస్-షట్‌డౌన్-మెనూఐటమ్' నిజమని ఉందేమో చూడండి. గ్నోమ్‌లో లాగిన్ తెర మీది బటన్లు మాత్రమే లేకపోతే 'డిసేబుల్-రీస్టార్ట్-బటన్స్' అనే సెట్టింగ్ చూడాలి. అది యూజర్‌ది కాదు, జీడీఎంది (గ్నోమ్ లాగిన్ తెర ప్రోగ్రామ్).

---

బురుజు_కింద

వీటీ7 తీసేశా, యాక్టివ్=యస్. బటన్ వచ్చింది. ఒకసారి మాత్రం, ఇంకో యూజర్ టీటీవై2లో లాగిన్‌లో ఉండగా మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది.

---

హంద్రీ

పైన అక్కకు చెప్పిన 'మల్టిపుల్-సెషన్స్' యాక్షన్ అదే. మీ మిషన్‌లో దాని విలువ ఏముందో ఇది చెప్తుంది:

పీకేయాక్షన్ --వెర్బోస్ --యాక్షన్-ఐడీ ఓఆర్‌జీ.ఫ్రీడెస్క్‌టాప్.లాగిన్1.పవర్-ఆఫ్-మల్టిపుల్-సెషన్స్

అందులో 'ఇంప్లిసిట్ యాక్టివ్' ఎదురుగా ఉన్నది చూడండి. అక్కడ 'యస్' ఉన్నా అడుగుతోందంటే మధ్యలో ఒక రూల్ ఉన్నట్టు. సహజంగా ఇది అడగడమే మంచిది. వెనక ఇంకొకరి ఫైల్ సేవ్ కాకుండా తెరిచి ఉండొచ్చు. ఎవరున్నారో 'లాగిన్‌సీటీఎల్' చూపిస్తుంది. వాళ్ళు లేచిపోయినారని తెలిస్తే 'సుడో లాగిన్‌సీటీఎల్ టర్మినేట్-సెషన్' కొట్టి ఆ నంబర్ ఇస్తే చాలు.

బటన్ వెలిగి ఉండి, నొక్కినాక ఆగకపోతే ఇంకో సంగతి: 'సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ --లిస్ట్' కొడితే అడ్డుపడుతున్నవాటి పట్టిక వస్తుంది. అందులో మోడ్ దగ్గర 'బ్లాక్' అని ఉన్న వరుసే అడ్డం. 'డిలే' అయితే కాసేపు ఆలస్యం చేసి వదిలేస్తుంది, కంగారు పడొద్దు. అనటెండెడ్-అప్‌గ్రేడ్స్ పెట్టేది డిలేనే.

---

ఏడురోడ్ల_డీటీపీ

ఏఎల్ఎల్ అని మార్చినా, సహాయలో రెండు బటన్లూ వెలిగినాయి.  'పరీక్ష' ఖాతాను 'డెల్‌యూజర్ --రిమూవ్-హోమ్'తో తీసేసినా.

ఇన్ని రోజులు గోడ స్విచ్ ఆపినందుకు డిస్క్‌కు ఏమన్నా అయ్యిందా అని ఎట్లా చూడాల? ఎండాకాలం కరెంటు పోయినప్పుడు బటన్ దాకా పోయే టైము కూడా ఉండదు, పాత యూపీఎస్ బ్యాటరీ.

---

హంద్రీ

ఎన్నిసార్లు అడ్డంగా ఆగిందో 'లాస్ట్ -ఎక్స్' చెప్తుంది. యూజర్ వరుసల చివర 'క్రాష్' అని ఉన్నవన్నీ గోడ స్విచ్ లెక్కే. డిస్క్ సంగతికి, మిషన్ ఆన్ చేసేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో 'ఈ' అనే ఇంగ్లీషు అక్షరం నొక్కి, 'లినక్స్'తో మొదలయ్యే వరుస చివర 'ఎఫ్‌ఎస్‌సీకే.మోడ్=ఫోర్స్' అని చేర్చి ఎఫ్10 నొక్కండి. ఆ ఒక్కసారికే పూర్తి తనిఖీ జరుగుతుంది. ఈఎక్స్‌టీ4కు జర్నల్ ఉంది కాబట్టి ఫైల్‌సిస్టమ్ నిలబడి ఉంటుంది. దెబ్బ తినేది మీ పని: అప్పుడే సేవ్ చేసిన ఫైల్ డిస్క్ మీదికి పూర్తిగా దిగడానికి 30 సెకన్ల దాకా పట్టొచ్చు. సేవ్ కొట్టి వెంటనే స్విచ్ ఆపితే పెళ్ళి కార్డు ఫైల్ సున్నా సైజులో తేలొచ్చు.

కరెంటు పోయినప్పుడు మెనూ దాకా పోనక్కర్లేదు. క్యాబినెట్ పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి వదిలితే చాలు, పద్ధతిగానే ఆగుతుంది. నొక్కి పట్టుకుంటే మాత్రం నాలుగైదు సెకన్లలో కరెంటు కోసేసినట్టే ఆగుతుంది, పిల్లోనికి ఆ తేడా చూపించండి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో పవర్ మేనేజర్, జనరల్ ట్యాబ్‌లో 'పవర్ బటన్ నొక్కినప్పుడు' అన్నచోట షట్‌డౌన్ ఎంచుకోండి. అక్కడ 'అడుగు' అని ఉంటే కరెంటు పోయి మానిటర్ ఆరిపోయినప్పుడు అది అడిగింది ఎవరికీ కనపడదు. ఈ సెట్టింగ్ ఒక్కో ఖాతాకు వేరు, సహాయలో కూర్చునే మార్చాలి.

---

గుత్తికోట

తెర బిగుసుకుపోతే ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ పట్టుకొని ఎస్, యూ, ఓ ఒకదాని వెంట ఒకటి నిదానంగా. ఎస్ డిస్క్‌కు రాయిస్తాది, యూ చదవడానికి మాత్రమే మారుస్తాది, ఓ ఆపుతాది. ఉబుంటులో 'కెర్నల్.సిస్‌ఆర్‌క్యూ' విలువ 176 ఉంటాది, ఈ మూడూ దాంట్లో ఉన్నట్టే. ఇది తప్పంటే చెప్పండప్పా, ఈసారి.

---

హంద్రీ

సరిగ్గా చెప్పినావన్నా. 128, 32, 16 కలిపితే ఆ 176. డెబియన్‌లో వేరేగా ఉండొచ్చు, '/ప్రాక్/సిస్/కెర్నల్/సిస్‌ఆర్‌క్యూ'ను క్యాట్ చేసి చూసుకోండి. కొన్ని కీబోర్డుల్లో సిస్‌ఆర్‌క్యూ అని రాసి ఉండదు, ప్రింట్‌స్క్రీన్ మీటే అది.

---

బుగ్గవంక

శీర్షికకు 'పరిష్కారమైంది' తగిలించాను. ఎక్స్‌ఆర్‌డీపీ, స్టార్ట్‌ఎక్స్ గురించి ఇంకేమైనా ఉంటే కొత్త థ్రెడ్ తెరిచి, లాగిన్‌సీటీఎల్ జవాబు ముందే జత చేయండి.